తుపాకులు పద్దులోకి ఎక్కే దారి తెరవండి

సంపాదకులకు,

అమెరికాలో ఏ బడిలోనో, ఏ బజారులోనో కాల్పులు జరిగాయని వార్త వస్తే విశాఖలో చాలా ఇళ్లలో ఆ రాత్రి నిద్ర ఉండదు. పిల్లలు అక్కడున్నారు మరి. తెల్లారితే ఇంకో మాట మొదలవుతుంది: అక్కడి కొన్ని రాష్ట్రాల్లోలాగా మన రాష్ట్రం కూడా తుపాకుల మీద గట్టి చట్టం చెయ్యాలని, ఉన్నవన్నీ రిజిస్టరు చేయించాలని. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే చట్టం మనకు ఎప్పుడో ఉంది, గట్టిగానే ఉంది. దాని ప్రకారం పద్దులోకి ఎక్కాల్సిన తుపాకులు అటు నగరంలోనూ, ఇటు పైనున్న మన్యంలోనూ ఎక్కకుండా మిగిలిపోతున్నాయి. ఎక్కే దారి ఎక్కడెక్కడ మూసుకుపోయిందో మీ పాఠకుల ముందు, అధికారుల ముందు పెట్టాలని రాస్తున్నాను.

ముందు అక్కడికీ ఇక్కడికీ తేడా. అమెరికాలో పౌరుడు తుపాకి కొనుక్కోవచ్చన్నది మూల సూత్రం. అందులోంచి కొన్ని రకాలను పేరుపేరునా మినహాయిస్తూ పోతాయి కొన్ని రాష్ట్రాలు. కాలిఫోర్నియా 1989లో మొదలుపెట్టింది. న్యూయార్క్, కనెక్టికట్ 2013లో తమ చట్టాలను మరింత బిగించాయి. ఇల్లినాయ్ చట్టం 2023 జనవరి 10న వచ్చింది: మిలటరీ తరహా సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక్కో తూటా పేలే) రైఫిళ్లు, ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లు ఇకమీదట అమ్మరాదు, రైఫిళ్లు ముందే కొన్నవాళ్లు 2024 జనవరి 1 లోగా రాష్ట్ర పోలీసులకు అఫిడవిట్టు ఇవ్వాలి. దేశం మొత్తానికి ఒకే రిజిస్టరు మాత్రం అక్కడ లేదు. అలాంటిది పెట్టకూడదని 1986లో వాళ్ల కేంద్ర చట్టమే కట్టడి చేసింది.

మన దగ్గర మొదటి అడుగే వేరు. ఆయుధాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 5వ అంశం. అంటే ఇల్లినాయ్ చేసిన పని మన శాసనసభ తలుచుకున్నా చెయ్యలేదు. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఏ తుపాకీ ఉండకూడదు. ట్రిగ్గరు నొక్కి పట్టుకుంటే తూటాలు అయిపోయేదాకా పేలుతూనే ఉండే ఆటోమేటిక్‌లు నిషిద్ధం. .303 రైఫిలు, సైన్యం వాడే 9 ఎంఎం పిస్తోలు, 20 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న సాదా గొట్టం (లోపల మెలి గాడులు లేని) తుపాకి కూడా కేంద్రం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎవరి దగ్గరా ఉండకూడని తరగతిలోనే ఉన్నాయి. 2019 డిసెంబరులో వచ్చిన సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులన్నది రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకి దగ్గరుంటే ఇప్పుడు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్లు జైలు. పెళ్లిలోనో, ఊరేగింపులోనో సంబరానికి గాల్లోకి కాల్చి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేసులో యూఐఎన్ అనే సంఖ్య ఉండాలి. రిజిస్టరు కావాలని అడిగేవారికి ఇదే ఆ రిజిస్టరు.

ఇక పద్దు ఎక్కడ తప్పుతోందో చూద్దాం. లైసెన్సు పుస్తకంతోనే మొదలుపెడతాను. చాలామంది దగ్గర ఇంకా పాత పుస్తకమే ఉంది. రెన్యువల్ ముద్రల మీద ముద్రలు, మధ్యలో పోలీసు స్టేషన్ డిపాజిట్ రాతలు, అంచులు నలిగి, కుట్టు ఊడి ఉంటుంది. అందులో తుపాకి వర్ణన ఉన్న పేజీ తియ్యండి. బోరు (గొట్టం లోపలి కొలత), తయారీదారు పేరు, నంబరు మూడూ ఉంటాయి. తుపాకి ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాక వెలుతుర్లో పట్టుకుని, గొట్టం మీదా, గొట్టం వచ్చి కలిసే ఇనుప భాగం మీదా చెక్కిన నంబరును పుస్తకంలోని నంబరుతో ఒక్కొక్క అంకే సరిచూడండి. చేత్తో ఎక్కించిన రోజుల్లో 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది, నంబరు ముందున్న ఇంగ్లిషు అక్షరం ఎగిరిపోతుంది. ఆ తప్పే రెన్యువల్ నుంచి రెన్యువల్‌కు నడిచొచ్చి కంప్యూటర్లోనూ ఎక్కుతుంది. మామూలు రోజుల్లో ఎవరూ గమనించరు. ఎన్నికలప్పుడు తుపాకి స్టేషన్లో అప్పగిస్తే, లేదా లైసెన్సుదారు చనిపోయాక కొడుకు పేరు మీదికి మార్చబోతే బయటపడుతుంది. ఆ క్షణం నుంచి చేతిలో ఉన్నది లైసెన్సు లేని తుపాకి, లైసెన్సు ఉన్నది కంటికి కనపడని తుపాకి. ముందే చూసుకున్నవారు కొన్నప్పటి రసీదు, నంబరు ఫొటో జతచేసి సవరణకు అర్జీ పెట్టుకోవచ్చు. కేసు పడ్డాక అదే కాగితం సంజాయిషీ అయిపోతుంది. మన సముద్రపు గాలి కూడా ఇక్కడో పని చేస్తుంది. బీచ్ వైపు ఇళ్లలో బీరువాలో పెట్టి ఏడాది తియ్యని తుపాకి మీద తుప్పు పొర కడుతుంది, గరుకు కాగితం పెట్టి రుద్దారంటే నంబరే చెరిగిపోతుంది. గుర్తింపు సంఖ్య చెరిపెయ్యడం 8వ సెక్షన్ కింద నేరం. నంబరు లేని తుపాకి దొరికితే చెరిపింది దాని యజమానేనని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించుకోవలసింది ఆయనే. అందుకని అక్కడ మెత్తటి గుడ్డ, తుపాకి నూనె తప్ప ఇంకేమీ తగలనివ్వకూడదు.

గడువు సంగతి అందరికీ తెలిసిందే అయినా ఒక్క మాట: రెన్యువల్ అర్జీ రెండు నెలల ముందే వెయ్యాలి. ఇల్లు మారితే నెలలోపు కొత్త చోటి అధికారికి తెలపాలి. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. మీరు ఇల్లు కదలకపోయినా మీ అధికారి మారిపోయి ఉండవచ్చు. కమిషనరేట్ పరిధిలో లైసెన్సు అధికారి పోలీసు కమిషనరు, దాని బయట జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు. మీ ఫైలు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉందో గడువు దగ్గరపడకముందే కనుక్కోండి.

ఇప్పుడు నగరంలో దాదాపు ఎవరూ పట్టించుకోని పద్దు గురించి. ఇది ఆయుధాల చట్టంలో లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్లో ఉంది. ఒక ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటిస్తే, దాని లోపలా, దానికి 10 కిలోమీటర్ల లోపులా ఉండే ప్రతి తుపాకి లైసెన్సుదారూ మూడు నెలల్లోగా అటవీ శాఖ దగ్గర తన పేరు నమోదు చేసుకోవడానికి అర్జీ పెట్టుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే అటవీ శాఖలో వన్యప్రాణుల బాధ్యత చూసే పై అధికారి, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, ముందస్తు సమ్మతి కావాలి. 2022 సవరణ తర్వాత రెన్యువల్ కూడా ఆ శాఖకు తెలిపే చెయ్యాలి. మన కంబాలకొండ 2002లో అభయారణ్యమైంది. దాని అంచు నుంచి 10 కిలోమీటర్ల గీత గీసి చూడండి. మధురవాడ, ఋషికొండ, ఎంవీపీ కాలనీ, సింహాచలం, సీతమ్మధార, ద్వారకానగర్ అన్నీ లోపలికి వస్తాయి. నగరంలో లైసెన్సు ఉన్నవారిలో చాలామంది ఆ గీత లోపలివారే అయి ఉంటారు. వారిలో ఎంతమంది పేర్లు అటవీ శాఖ పద్దులో ఉన్నాయి? రెన్యువల్ చేసేటప్పుడు కమిషనరేట్ ఆ సమాచారం పంపుతోందా? ఈ రెండు ప్రశ్నలకు రెండు శాఖలూ బహిరంగంగా జవాబు చెప్పాలి. లైసెన్సుదారులను తప్పుపట్టడానికి నేను ఈ మాట అనడం లేదు. రెన్యువల్ ఫారంతోపాటు ఒక అదనపు కాగితం ఇచ్చి అక్కడే సంతకం తీసుకుని అటవీ శాఖకు పంపిస్తే పని అయిపోతుంది. ఒక దుప్పి తుపాకి దెబ్బకు పడిపోయిన రోజున చుట్టుపక్కల ఎవరెవరి దగ్గర ఏ బోరు తుపాకి ఉందో అటవీ అధికారికి గంటలో తెలియాలంటే ఆ పద్దు నిండి ఉండాలి.

మూడోది, ఇంటిపెద్ద పోయాక మిగిలిపోయే తుపాకి. నాన్నగారి డబుల్ బ్యారెల్, తాతగారి సింగిల్ బ్యారెల్ బీరువాలో అలాగే ఉండిపోతుంది. లైసెన్సు మనిషి పేరు మీద ఇస్తారు, ఇంటి పేరు మీద కాదు. ఆయన పోయిన నాటి నుంచి ఆ తుపాకి దగ్గరున్నవారే చట్టం కళ్లలో దోషులు. ఈ విషయం తెలియక మంచి కుటుంబాలు ఏళ్ల తరబడి నేరంలో ఉంటున్నాయి. చెయ్యాల్సింది ఇది. తుపాకి తెరవడం రాకపోతే ముట్టుకోవద్దు. లోపల తూటా ఉండే ఉంటుందని అనుకునే ఉండండి. దగ్గరి స్టేషనుకు కాగితం మీద రాసివ్వండి: ఫలానా వారు ఫలానా తేదీన పోయారు, వారి లైసెన్సు నంబరు ఇది, తుపాకి నంబరు ఇది, ఇన్ని తూటాలున్నాయి, స్వాధీనం చేసుకోండి అని. వారు వచ్చి తీసుకుంటారు, లేదా లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చెయ్యమంటారు. రసీదులో తుపాకి నంబరు, తూటాల లెక్క, తుప్పు పగుళ్లు ఏమైనా ఉంటే అవీ రాయించుకోండి. ఆ తర్వాత వారసుల్లో ఒకరు లైసెన్సు కోసం ఏ-1 ఫారంలో అర్జీ పెట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి, మానసిక శారీరక ఆరోగ్య ధ్రువపత్రం, ఇంట్లో తాళం వేసిన చోటే భద్రపరుస్తామన్న హామీ పత్రం అడుగుతారు. ఎవరికీ అక్కర్లేకపోతే డిపాజిట్‌లో ఉన్నదాన్ని అమ్మించి డబ్బు తీసుకునే హక్కు ఆయుధాల చట్టం 21వ సెక్షన్ వారసులకు ఇచ్చింది. ఏదీ చెయ్యకుండా వదిలేస్తే నిర్ణీత గడువు తర్వాత అది ప్రభుత్వపరమవుతుంది. ఇంకో సౌకర్యం ఉంది, దీన్ని పెద్దవాళ్లు తెలుసుకోవాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చమని 2016 ఆయుధాల నియమాల ప్రకారం అడగవచ్చు. ఇది ముందే జరిగితే బీరువాలో తుపాకి అనాథ కాదు.

అసలు బరువంతా మన్యంలో ఉంది. పాడేరు, చింతపల్లి, అరకు, ముంచంగిపుట్టు వైపు కొండ గ్రామాల్లో మందు దట్టించే నాటు తుపాకులు ఉన్నాయని పోలీసులకూ తెలుసు, ఊరివారికీ తెలుసు. చోడి (రాగి), మొక్కజొన్న, కంద, పసుపు చేలల్లో అడవిపందులు ఒక్క రాత్రి దిగితే ఏడాది కష్టం పోతుంది. వేట ఆచారం కూడా పాతదే. మావోయిస్టుల కదలికలున్న కాలంలో తుపాకి అన్న మాటెత్తితేనే అనుమానంగా చూసేవారు కనుక లైసెన్సు అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. దాంతో ఆ తుపాకులు అటక మీదకీ, చూరు కిందకీ చేరాయి. ఏడాదికి కొన్నిసార్లయినా వాటివల్ల ప్రాణం పోయిన వార్త చదువుతున్నాం. జంతువనుకుని తోటి మనిషిని కాల్చడం ఒకటి. రెండోది తుపాకి తీరులోనే ఉంది. ఫ్యాక్టరీ తుపాకి మడత విప్పితే తూటా కంటికి కనపడుతుంది, బయటికి లాగేస్తే ఖాళీ. దట్టించిన తుపాకిని అలా తెరవలేం. ఒకసారి మందు, రవ్వలు దిగాక పేల్చితే తప్ప సులువుగా బయటికి రావు. అందుకని రాత్రి కాపలాకు దట్టించినది వేట దొరక్కపోతే అలాగే గోడకు ఆనిస్తారు. పిల్లవాడి కాలు తగిలి కింద పడితే చాలు, సేఫ్టీ క్యాచ్ అన్నది ఉండదు కనుక పేలిపోతుంది. దట్టించి ఉందని మరిచిపోయి మళ్లీ దట్టించేవారూ ఉన్నారు. ఫ్యాక్టరీలో తయారైన గొట్టాన్ని ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించి ప్రూఫ్ ముద్ర వేస్తారు. ఏ ఇనుమో తెలియని నాటు గొట్టం కాల్చేవాడి ముఖం పక్కనే చీలిపోతుంది.

వీటన్నిటికీ లైసెన్సు ఇచ్చేయండి అంటే కుదరదు. తయారీదారు పేరూ నంబరూ చెక్కిలేని తుపాకి చేతులు మారకూడదని 8వ సెక్షన్ అంటుంది. చట్టం అమల్లోకి వచ్చేనాటికే అలాంటివి ఉన్నవారికి సర్దుకోవడానికి 1962 నుంచి ఒక ఏడాది గడువిచ్చారు. ఆ గడువు సంగతి ఆ రోజుల్లో కొండ మీద ఎందరి చెవిన పడిందో ఊహించుకోవచ్చు. నాటు తుపాకి పద్దులోకి ఎక్కదు. ఎక్కగలిగింది దాన్ని అప్పగించి, దాని బదులు ముద్ర ఉన్న తుపాకికి లైసెన్సు అడిగే రైతు మాత్రమే. ఆ తలుపు చట్టంలోనే ఉంది. పంట కాపలాకు నిజంగా అవసరమైన పౌరుడికి మందు దట్టించే తుపాకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతుంది. అది చాలదని అధికారికి తోస్తే వేరే సాదా గొట్టం తుపాకికీ ఇవ్వవచ్చు. పోలీసు నివేదిక 30 రోజుల్లో రావాలి, ఆ తర్వాత 60 రోజుల్లో నిర్ణయం చెయ్యాలి. కాదంటే కారణం రాసివ్వాలి, దాని మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: ఈ లైసెన్సు పందిని చంపడానికి అనుమతి కాదు. గాల్లోకి కాల్చి బెదరగొట్టడం వేరు, వన్యప్రాణిని చంపడం వేరు. దానికి అటవీ శాఖ రాతపూర్వక ఉత్తర్వు విడిగా కావాలి. అందరికీ తుపాకే కావాలని కూడా నేను అనను. సోలారు కంచె, నష్టపరిహారం వేళకు అందితే చాలామంది అటువైపే మొగ్గుతారు.

అప్పగించమని పోలీసులు పిలుపునిస్తే జనం ముందుకు రాకపోవడానికి కారణం మొండితనం కాదు, భయం. తెచ్చి ఇచ్చిన చేతికే బేడీ పడుతుందేమోనని. నోటిమాటగా ఏమీ చెయ్యములే అన్నంత మాత్రాన ఆ భయం పోదు. ఇక్కడ కలెక్టరు చేతిలో ఒక ఆయుధం ఉంది, దాని పేరు ఆయుధాల చట్టం 39వ సెక్షన్. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకున్నారన్న కేసు కోర్టుకు వెళ్లాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు మంజూరు తప్పనిసరి. కాబట్టి కలెక్టరు కాగితం మీద ప్రకటించగలరు: ఫలానా తేదీలోగా తనంతట తాను అప్పగించినవారి మీద, ఆ తుపాకికి వేరే నేరంతో సంబంధం లేకపోతే, ప్రాసిక్యూషన్‌కు మంజూరు ఇవ్వబోనని. ఈ హామీ తుపాకులు తయారు చేసి అమ్మినవారికి వర్తించదు, వారి సెక్షన్ వేరు, దానికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. వన్యప్రాణి కేసులకూ వర్తించదు. ఈ హద్దులు ప్రకటనలోనే స్పష్టంగా రాయాలి, లేకపోతే రేపు ఒక్క కేసు పెట్టినా మొత్తం నమ్మకం పోతుంది.

అప్పగింత కూడా స్టేషన్లో పెట్టకూడదు. దట్టించిన తుపాకి భుజాన వేసుకుని ఆటోలో ఇరవై మందితో కూర్చుని ఘాట్ రోడ్డు మీద రమ్మనడం ప్రమాదాన్ని పిలవడమే, పైగా దారిలో పట్టుబడితే అది అప్పగింత అని ఎవరు నమ్ముతారు? వారపు సంత జరిగే ఊళ్లలోనే సంతకు దూరంగా ఒక చోటు చూసుకుని, ముందు రోజు తమంతట ముందుకొచ్చేవారి పేర్లు ఊరిపెద్దల ద్వారా తీసుకుని, పోలీసు ఆర్మరరు (ఆయుధాల మరమ్మతు, సంరక్షణ చూసే ఉద్యోగి) ఇంటికే వెళ్లి తుపాకి తీసుకోవాలి. దట్టించి ఉందో లేదో చూసేది, ఖాళీ చేసేది ఆర్మరరు ఒక్కరే. ఇంకెవరూ ట్రిగ్గరు ముట్టుకోకూడదు. తుపాకికి ఒక చీటీ కట్టి, ఫొటో తీసి, అదే నంబరు వేసిన రసీదు తెలుగులో రాసి చదివి వినిపించి ఇవ్వాలి. సంత ఊళ్లో చూసుకున్న ఆ చోట బల్ల మీద ఏ-1 ఫారాలు ఉండాలి. అటవీ హక్కుల పట్టా నకలు, ఆధార్, ఫొటోలు తెచ్చుకున్నవారి అర్జీ అక్కడే నింపాలి. ఆరోగ్య ధ్రువపత్రం కోసం రైతు మూడుసార్లు కొండ దిగనక్కర్లేకుండా ఆ రోజు ప్రభుత్వ డాక్టరు ఒకరు అక్కడే ఉండాలి.

పాడేరులో ఉండే అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరుగారు ఈ ప్రకటన చోడి కోతలకు ముందే ఇస్తే బాగుంటుంది. కంకి గట్టిపడే వేళకే మంచెల మీద కాపలా మొదలవుతుంది, అటక మీది తుపాకి కిందికి దిగేది అప్పుడే.

ఒక న్యాయవాది,
సీతమ్మధార, విశాఖపట్నం